అప్పన్నవారి జడ

కామాక్షమ్మగారు కాఫీ ముట్టలేదు.

ఇది చిన్న వార్త కాదు. భర్త పోయిన మర్నాడు కూడా, ఎవరో బతిమాలితే, ఆవిడ సగం గ్లాసు పుచ్చుకున్నారని బంధువర్గంలో ప్రతీతి. బంద్ పేరిట కలకత్తా మహానగరం తలుపులు బిగించుకుని, పాలబూత్ సైతం విప్లవంలో చేరిపోయిన రోజున, ఆవిడ డబ్బా పాలపొడితో ఆ నిత్యవిధిని నెరవేర్చుకున్నారు. అటువంటి నిష్ఠాపరురాలు పొద్దుట్నుంచీ వరండాలో పీట వాల్చుకుని, ఇంటికి వీపూ వీధికి ముఖమూ పెట్టి కూర్చున్నారు. పక్కనున్న గ్లాసులో కాఫీ మీద మీగడ కట్టి, ఆ మీగడ ముడతలు కూడా పడింది.

ఇందుకు కారణభూతురాలు వంటింట్లో పప్పు కడుగుతోంది. పేరు వేదవతి, ఆ ఇంటి కోడలు. నిన్న మధ్యాహ్నం దాకా మోకాళ్ల మీద ఆడిన ఆమె జుట్టు ఈవేళ భుజాల దగ్గర ఆగిపోయింది.

పోయినదాని చరిత్రను క్లుప్తంగానైనా స్మరించుకోవడం మర్యాద. ఆ జుట్టు పొడవులో గోదావరి, లావులో పంటబోదె. విప్పితే మోకాలు దాటేది. జడ వేస్తే చివరికొచ్చేసరికి చిటికెనవేలంత కూడా మిగిలేది కాదు. నడినెత్తి మీద తడిగుడ్డ పరిచినట్టు అణిగిపోయి, పాపిడికి రెండువైపులా మాడు కనబడేది. పెళ్లిలో చూసినవారు ఎంత పొడుగో అన్నారే తప్ప, ఎంత ఒత్తో అన్న పాపాన ఎవరూ పోలేదు. విశాఖపట్నంలో సముద్రపు గాలి దాన్ని కొంతలో కొంత లేపేది. కలకత్తా ఉక్కపోత ఆ కాస్త గౌరవాన్నీ నేలమట్టం చేసింది.

అప్పుడు మొదలయ్యాయి దండయాత్రలు. మెంతిముద్ద వచ్చింది, మందారాకు వచ్చింది, ఉల్లిరసం వచ్చింది. కింది వాటాలో ఉండే మిత్రాగారి భార్య మెట్లెక్కి వచ్చి ఆవనూనెను సిఫారసు చేసింది; మరొకనాడు కోడిగుడ్డు సొనను కొంగుచాటున తెచ్చి ఇచ్చి, ఆ శాకాహార దుర్గంలో ఒక చిన్న రాజద్రోహానికి కూడా తోడ్పడింది. ఏ సేన వచ్చినా రణరంగం మాత్రం వేదవతి మాడే. ఆ చర్మం ఎంత సుకుమారమంటే, కుంకుడురసం పడితే కందేది, నూనె పడితే పొక్కేది, పొక్కినది మానకముందే పొట్టు రాలేది. చివరికి కామాక్షమ్మగారు తమ పెట్టె అడుగునుంచి స్వంత సవరం తీసి ఇచ్చారు. సవరం ముడి బిగించిన చోట పుండు లేచింది.

చర్మవైద్యుడు భూతద్దంతో చూసి ఒకే ముక్క చెప్పాడు. జుట్టు బరువుకు జుట్టే అణిగిపోతోంది. నూనె, సవరం, బిగుతు జడ మానేసి కురచ చేస్తే దానంతటదే లేస్తుంది. ఇన్ని ద్రవ్యాలు జయించలేని చోట వదులుకోవడమే జయమన్న ఆ ఉపదేశం విని, వేదవతి తిన్నగా న్యూ మార్కెట్ వెనుక సందులో ఉన్న చీనావారి పార్లర్‌కు వెళ్లింది. ఆ పార్లర్ యజమానురాలు మిసెస్ హో జుట్టును మెట్లు మెట్లుగా కత్తిరించి, చిన్ననాటినుంచీ నట్టనడుమ ఉన్న పాపిడిని పక్కకు జరిపి, తల కిందికి వంచమని చల్లగాలితో ఆరబెట్టింది. తల ఎత్తేసరికి జుట్టు లేచి నిలబడింది. అద్దంలో కనబడ్డ మనిషిని వేదవతి కాసేపు ఎవరో అనుకుంది. మాడు మంట పుట్టకపోవడం కూడా ఆమెకు కొత్తగా ఉండి, ఏదో మరిచిపోయి వచ్చినట్టు అనిపించింది.

మరిచిపోయినదేమిటో ఇంటికొచ్చాక దీపాలవేళ తెలిసింది.

రోజూ ఆ వేళకు కామాక్షమ్మగారు పీట మీద, వేదవతి ఆవిడ ముందు చాప మీద కూర్చునేవారు. ఎదురెదురుగా ఉంటే ఆ అత్తాకోడళ్ల మధ్య ఉప్పూ పప్పూ తప్ప మాటలు నడిచేవి కావు. కోడలి వీపు అత్తగారి వైపు తిరిగి, జడ ఆవిడ చేతుల్లోకి వెళ్లాక మాత్రం ఎక్కడెక్కడి కబుర్లో కదిలేవి. కరెంటు పోయినా చీకట్లో వేళ్లూ మాటలూ ఆగేవి కావు. భర్త రఘురాం బ్యాంకునుంచి వచ్చేవాడు గాని, అతని వెంట బ్యాంకు కూడా వచ్చేది. వీధిలోకి వెళితే బెంగాలీ సగం అర్థమయ్యేది, మిగతా సగానికి ఆమె నవ్వేది. 'వేదా, తల వంచు' అన్న ఆ గొంతు తప్ప, రోజు మొత్తంలో తన పేరు తాను వినే సందర్భం ఆమెకు ఉండేది కాదు. ఆ చేతులు లాగిన ప్రతి లాగుకీ మాడు భగ్గుమనేది. ఆమె ఏనాడూ చెప్పలేదు.

నిన్న దీపాలవేళ పీట ఖాళీగా ఉంది. ఆ గొంతు మళ్లీ తన పేరు పెట్టి పిలిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపించేంత ఖాళీగా ఉంది.

"పెద్దమ్మగోరు కాఫీ ముట్నేదేటమ్మా?" అంటూ గిన్నెలు తోమే దాలమ్మ వచ్చింది. ఖిదిర్‌పూర్ రేవు కూలీల లైన్లలో ఉంటుంది. శ్రీకాకుళం వదిలి ఒక తరం గడిచినా, ఆ మాట మాత్రం రేవు దాటలేదు. వేదవతి తల చూసి చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"జడేదమ్మా?"

"కత్తిరించేశాను, దాలమ్మా."

"మొత్తవేఁ?" చుట్టూ తిరిగి చూసింది. "బాగానే ఉన్నాది. మా లైన్ల కాడ ఓడ కేప్టేను పెళ్లాం ఇలాగే ఉండీది, గాలేస్తే గొడుగు ఇప్పినట్టు. బాగున్నాది గానమ్మా, మరింక పెద్దమ్మగోరికి పనేటుంటాది?"

"ఊరుకో."

"నానేటన్నాను? మా అత్తకీ ఇలాగే సుట్ట మానిపించేసినారు డాకట్రు. ఆ మర్నాటినించీ ఎవుళితోనీ మాటాడ్నేదు. సుట్ట కోసం కాదట. సుట్ట ఎలిగించుకోడానికి పక్కింటికి నిప్పుకెల్లీది కదా, ఆ ఎల్లడం పోనాదని."

వేదవతి పప్పు కడుగుతూనే ఉంది. అప్పటికే ఆ పప్పు మూడు జన్మల పాపం పోయేంత శుభ్రపడింది.

శనివారం కనుక బ్యాంకు ఒంటిపూట. రఘురాం పెందరాళే భోజనానికి కూర్చున్నాడు. అతడు బ్యాంకులో ఋణాల విభాగం చూస్తాడు. ఇస్తాననీ అనకుండా, ఇవ్వననీ అనకుండా ఎదుటివారిని ఏళ్లతరబడి నిలబెట్టే విద్య అతనికి వెన్నతో పెట్టినది. ఆ విద్యనే గృహరంగంలో కూడా ప్రయోగించేవాడు.

"అమ్మా, జుట్టే కదా. మళ్లీ పెరుగుతుంది."

వరండాలోని వీపు మరికాస్త నిటారైంది.

"డాక్టరు చెప్పాడమ్మా. మందనుకో."

వీధిలో ఎవరో పాతకాగితాలు కొంటామని కేకేసి వెళ్లాడు.

"వేదా, పోనీ నువ్వొకసారి క్షమించమను."

"దేనికండీ?"

"దేనికనేం లేదు. ఊరికే."

"ఊరికే అడిగితే ఊరికే క్షమిస్తారా?"

రఘురాం చారు పోయమన్నట్టు కంచం ముందుకు జరిపాడు. అప్పుడు వరండాలోంచి గొంతు వినబడింది.

"ఆ జడ ఎక్కడ పెట్టిందో అడుగు."

కోడలు గుమ్మంలోనే ఉన్నా, ప్రశ్న కొడుకు మీదుగా ప్రయాణం చేసింది. జవాబు అదే దారిన తిరిగి వెళ్లింది.

"అక్కడే వదిలేశానండీ. వాళ్ల దగ్గర అంతేనట, కత్తిరించినది వాళ్లే ఉంచుకుంటారు."

"అది దానిది కాదని చెప్పు."

"మరెవరిదమ్మా?"

"సింహాచలం అప్పన్నది." కామాక్షమ్మగారు ఇంకా వీధివైపే చూస్తున్నారు. "దాని తల మీద మూడు కత్తెరలు మొక్కుకున్నాను. తొలి కత్తెర స్వామి కొండ మీద పడాలి. తీసుకెళ్లి చీనామనిషి చేత వేయించుకొచ్చింది."

రఘురాంకు నవ్వు వచ్చింది. "జుట్టు ఒత్తుగా రావాలని జుట్టే మొక్కుకున్నావా? అడిగేదీ ఇచ్చేదీ ఒకటే అయితే స్వామికి మిగిలేదేమిటమ్మా?"

"జుట్టు కోసం ఎవరు మొక్కుకుంటార్రా?"

"మరి దేనికి?"

"దేనికైతేనేం. తీరింది. తీరబట్టే భయం. తీరని మొక్కైతే ఇలా ఎందుకు కూర్చుంటాను?"

రఘురాం చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. తర్వాత అతడు పెరుగు వేసుకోకుండానే లేచాడు. ఆ ఇంట్లో ఎవరైనా పోయిన కబురొస్తే తప్ప అటువంటిది జరగదు. చేయి కడుక్కుని, గొడుగు పుచ్చుకుని, ఎవరి ముఖమూ చూడకుండా బ్యాంకుకు వెళ్లిపోయాడు.

వేదవతి కంచం తీస్తూ ఆలోచించింది. ఈ ఇంట్లో ఈ మధ్య తీరిన కోరిక ఏది? పిల్లలు లేరు. ప్రమోషన్ రాలేదు. తన జుట్టు నిన్న లేచింది గాని, అది అప్పన్న చలవ కాదు. ఎంత వెతికినా, స్వామి ఇటుగా వచ్చి వెళ్లిన జాడ ఎక్కడా కనబడలేదు.

"నేను వెళ్లి తెస్తానండీ," అంది గుమ్మంలోంచి.

వరండాలో పీట కదిలింది.

"నేనూ వస్తాను."

ఆ రెండు మాటలు కొడుకు మీదుగా కాక తిన్నగా తన దగ్గరికే వచ్చాయని రూఢి చేసుకోవడానికి ఆమెకు కొంత వ్యవధి పట్టింది.

లేక్ మార్కెట్ కూరగాయలూ, దక్షిణాదివారి గుడీ తప్ప కలకత్తా ఎరగని కామాక్షమ్మగారు ఆనాడు ఎస్ప్లనేడ్ ట్రామెక్కారు. దారిపొడుగునా మెట్రో కోసం తవ్వి, పూడ్చి, మళ్లీ తవ్విన నగరాన్ని చూశారు. అత్త పక్కనే కూర్చున్న వేదవతి, అలవాటు చొప్పున, లేని జడను భుజం మీదికి తీసుకోబోయి చేయి వెనక్కి తీసుకుంది.

పార్లర్‌లో నలుగురు స్త్రీలు బోర్లించిన గుండిగల్లాంటి యంత్రాల కింద తలలు పెట్టి తపస్సు చేస్తున్నారు. మిసెస్ హో కత్తెర పక్కన పెట్టి వచ్చింది. ఆ కుటుంబం తాతలనాడే కలకత్తా చేరింది. ఆవిడ హిందీ, ఆ నగరంలో అందరి హిందీలాగే, స్త్రీపురుష భేదాలను పట్టించుకోని సమతావాద హిందీ.

"జుట్టు వెనక్కి కావాలా? ఇంతవరకూ ఎవరూ అడగలేదే." ఆవిడ కామాక్షమ్మగారి వంక చూసి, మళ్లీ వేదవతిని చూసింది. "కట్ నచ్చలేదా?"

"నచ్చింది. జడ ఒక్కటి ఇప్పించండి."

"పొద్దున్నే చిత్‌పూర్ ఆయన వచ్చాడమ్మా. జాత్రా నాటకాలకు విగ్గులు కడతాడు. మూట మూటగా పట్టుకుపోయాడు."

"ఏమంటోంది?" అన్నారు కామాక్షమ్మగారు.

వేదవతి శుభ్రంగా ఊడ్చిన నేలవైపు చూసింది. కామాక్షమ్మగారు ఆ ముఖం చదువుకుని, దగ్గర్లో ఉన్న తిరుగుడు కుర్చీలో కూర్చుండిపోయారు. ఆ కుర్చీ ఆవిడ గౌరవానికి భంగంగా ఒక పక్కకు తిరిగింది.

మిసెస్ హో ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఏదో గుర్తుకొచ్చి లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు చేతిలో వార్తాపత్రిక పొట్లం ఉంది.

"ఇదొక్కటీ వదిలేశాడు."

"ఎందుకని?"

ఆవిడ కొంచెం మొహమాటపడింది. "మరీ పలచనట. రాణి వేషానికి చాలదన్నాడు, చెలికత్తెకి కూడా చాలదన్నాడు. మునీశ్వరుడి గడ్డానికి సరిపోతుంది గాని, మునులకు నలుపు నప్పదట."

"ఏమంటోంది, వే..." పేరు సగంలో ఆగిపోయింది. "ఏమంటోంది?"

"మనకోసం దాచి ఉంచానంటోందండీ."

కామాక్షమ్మగారు లేచి, పొట్లం రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నారు. ఎవరికీ అక్కర్లేక మిగిలిపోయిన ఆ జడకు అంతటి స్వాగతం లభించడం చూసి గుండిగల కింది తపస్వినులు కూడా కళ్లు తెరిచారు.

మిసెస్ హోకు తన పనితనం గురించి ఇంకా బెంగ తీరలేదు. వేదవతిని కిటికీ దగ్గరికి లాగి, వేళ్లతో జుట్టు పాయలు తీసి కామాక్షమ్మగారికి చూపించింది. "చూడండి, ఎరుపు తగ్గుతోంది. నిన్న వచ్చినప్పుడు ఇక్కడ రక్తం కూడా ఉంది."

ఆ హిందీ అర్థం కాకపోయినా చూపించినది కనబడింది. ఇన్నేళ్లూ దీపాలవేళ మసకలో, కరెంటు లేని చీకట్లో తప్ప చూడని తలను కామాక్షమ్మగారు మొదటిసారి పట్టపగటి వెలుతురులో చూశారు. చెవుల వెనక పొక్కులు, నడినెత్తిన మానుతున్న సవరం పుండు, పాత పాపిడి పొడుగునా కమిలిన గీత.

"నొప్పి పుట్టేదా?"

"లేదండీ."

"నిజం చెప్పు."

"పుట్టేది."

"మరి ఒక్కనాడైనా చెప్పవేం?"

చెబితే మీరు మానేస్తారు కదా అన్నది జవాబు. ఆమె దాన్ని పైకి అనకుండా, మిసెస్ హో విడదీసిన పాయలు సర్దుకుంది. కామాక్షమ్మగారు కూడా రెండోసారి అడగలేదు.

తిరుగు ట్రాము బయలుదేరిన కాసేపటికే ఆగిపోయింది. ఎదురుగా ఊరేగింపు. రాష్ట్రాన్ని ఏలుతున్నవారే ఎర్రజెండాలు పట్టుకుని వీధికెక్కి నిరసన తెలపడం ఆ నగరానికే చెల్లిన రాజనీతి. నిరసన ఎవరిమీదో ట్రాములో ఎవరికీ తెలిసినట్టు లేదు. ఎవరూ తొందరపడనూ లేదు. కండక్టరు దిగి టీ తాగుతున్నాడు. ఒక ముసలాయన గొడుగు మీద గడ్డం ఆన్చి నిద్రలోకి జారాడు.

రద్దీలో ఇద్దరికీ ఒకచోట సీటు దొరకలేదు. వేదవతి ముందు, కామాక్షమ్మగారు సరిగ్గా ఆమె వెనక.

"వేదా."

ఆమె తిరగబోయింది.

"తిరక్కు. అలాగే ఉండు." వెనకనుంచి పొట్లం కాగితం గరగరలాడింది. "వైజాగ్ వచ్చింది."

"ఎవరొచ్చారండీ వైజాగ్ నుంచి?"

"ఎవరూ రాలేదు. బదిలీ వచ్చింది. శివరాత్రి వెళ్లాక. అదే నా మొక్కు."

బయట నినాదం ఒక గొంతుతో లేచి వేయి గొంతులతో తిరిగొచ్చింది. వేదవతి ముందు సీటు కమ్మీ పట్టుకుంది.

"మనం ఇక్కడికొచ్చిన తొలి వానాకాలం గుర్తుందా? తెలుగు వార్తల కోసం రేడియో ముల్లు తిప్పేదానివి. అది గరగర తప్ప పలికేది కాదు. నువ్వు తిప్పుతూనే ఉండేదానివి, ఏడుస్తూ. నేను చూడలేదనుకునేదానివి. అప్పుడనుకున్నాను, స్వామీ, దీన్ని దీని ఊరికి చేర్చు, దీని జుట్టు నీకిస్తానని."

"నన్నడక్కుండానే?"

"నా తల మీద ఏముందమ్మా ఇవ్వడానికి? ఇంట్లో బారెడున్నది అదొక్కటే."

వేదవతికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, ఒకదాన్నొకటి అడ్డుకుని, ఏదీ పైకి రాలేదు. "బదిలీ వస్తే మరి మనం ఇక్కడే ఉన్నామేం?"

వెనక పొట్లం కాగితం మళ్లీ చప్పుడైంది.

"రఘు వద్దన్నాడు."

జెండాలు కిటికీ పక్కనుంచి పోతూనే ఉన్నాయి. నిన్నటినుంచీ ఆమె కోరుకున్నది ఆ గొంతునే. గొంతు వచ్చింది, పేరు పెట్టి పిలిచింది, ఎప్పటిలాగే వెనకనుంచి మాట్లాడింది. అది తెచ్చిన మాట మాత్రం, ఇల్లు చేరేదాకా ఆమెను అంతమందిలో ఒంటరిగా కూర్చోబెట్టింది.

రఘురాం అప్పటికే ఇంటికొచ్చి, పడక్కుర్చీలో పేపరు తెరిచి ఉన్నాడు. పేజీ మాత్రం పొద్దుటిదే.

"దొరికిందా?"

"దొరికింది. వైజాగ్ ఎందుకొద్దన్నారు?"

అతడు పేపరును నాలుగు మడతలు పెట్టాడు. "ఎవరు చెప్పారు?"

"ఎందుకొద్దన్నారండీ?"

"అది ఇప్పుడు కాదు వేదా. అందులో కొన్ని..."

"మా అమ్మ ఉన్న ఊరు. మీరు పుట్టిన ఊరు, మీ అన్నగారున్న ఊరు. అక్కడైతే నేను కూరగాయలవాడితో పోట్లాడగలను. ఇక్కడ పోట్లాడ్డానికి కూడా నాకు మాటలు చాలవు. ఒక్కసారి, ఒక్కసారి నన్నడిగితే మీ బ్యాంకు మునిగిపోయేదా?"

ఆమె గొంతు ఆ ఇంట్లో అంత ఎత్తున ఎప్పుడూ వినబడలేదు. లేచి నిలబడిన జుట్టు ఆ గొంతుకు కొంత వత్తాసు కూడా ఇచ్చింది. రఘురాం ఆమెను చూడలేదు. గుమ్మంలో చెప్పులతోనే నిలబడిపోయిన తల్లిని చూశాడు.

"అమ్మా, నువ్వు చెప్తావా?"

కామాక్షమ్మగారు పొట్లాన్ని ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నారు.

"వాడు నా మాట మీదే వద్దన్నాడు."

"మొక్కింది మీరు కదా."

"మొక్కిందీ నేనే. వద్దన్నదీ నేనే."

భక్తుడు కోరి, స్వామి ఇచ్చి, భక్తుడే తిప్పికొట్టిన వరానికి మొక్కుబడి చెల్లించాలా అక్కర్లేదా అన్న సందేహం ఏ ధర్మశాస్త్రకర్తకూ కలిగినట్టు లేదు. ఆ ఇంటి గుమ్మంలో అది చెప్పులు కూడా విప్పకుండా నిలబడి ఉంది.

"తొలి వానాకాలం మొక్కినప్పుడు నీకోసమే మొక్కానమ్మా. అది అబద్ధం కాదు. ఆ తర్వాత ఏళ్లు గడిచాయి. సాయంత్రమైతే నువ్వొచ్చి ముందు కూర్చునేదానివి. బదిలీ వచ్చిందని వీడు చెప్పిన రోజున నాకు సంతోషం రాలేదు. అక్కడ నీకు మీ అమ్మ ఉంది, అక్కచెల్లెళ్లున్నారు. నేనెందుకు నీకు?"

"అందుకని నన్నిక్కడ ఉంచేశారు."

"ఉంచేశాను."

"తల పుండైపోయినా కూర్చున్నాను నేను. మీరు పిలుస్తారని కూర్చున్నాను."

"తెలిసింది. ఇవాళ తెలిసింది."

అత్తాకోడళ్లిద్దరూ నిలబడే ఉన్నారు. రఘురాం ఒక్కడే కూర్చుని ఉన్నాడు గనుక, అతడు కూడా లేచాడు.

"నా బదులు వెళ్తానన్న శ్యామసుందర్ వెనక్కి తగ్గాడు. సోమవారం మళ్లీ నన్నే అడుగుతారు." గొంతు సవరించుకున్నాడు. "ఈసారి నువ్వు చెప్పు. ఏం చెప్పమంటే అదే చెప్తాను."

"వెళ్దామని చెప్పండి," అంది వేదవతి.

క్షణమైనా పట్టలేదు. ఆ మాట ఏనాటినుంచో నాలుక చివర చెప్పులు తొడుక్కుని కూర్చుంది. కామాక్షమ్మగారు తల ఊపారు. న్యాయమే అన్నట్టు, ఒకటికి రెండుసార్లు ఊపారు. తర్వాత గోడ పట్టుకుని నెమ్మదిగా చెప్పులు విప్పసాగారు.

ఆ వంగిన వీపును చూస్తూ వేదవతి, తన గొంతు తనకే కొత్తగా వినబడుతుండగా, "మీరూ మాతోనే ఉంటారు కదా అత్తయ్యా," అంది.

"పెద్దాడున్న ఊళ్లో చిన్నాడింట ఎలా ఉంటానమ్మా? లోకం శ్రీనివాసరావు ముఖాన ఉమ్మదూ?" రెండో చెప్పు వదలడానికి ఆవిడకు కొంచెం సమయం పట్టింది. "వాడింట్లో నాకో గది ఉంది. మేడ మీద. ఫ్యాన్ కూడా వేయించారు. గాలి బాగా వస్తుందిట."

తన జీవితంలో మొదటిసారిగా, అవునో కాదో తేలిపోయే ప్రశ్న ఒకటి రఘురాం నోటినుంచి వెలువడింది.

"అయితే సోమవారం వెళ్తామనే చెప్పెయ్యనా?"

వెళ్దామన్న మాట ఇందాకే తన నోటితో అన్న వేదవతి, అతడు ఏ భాషలో అడిగాడో తెలియనట్టు అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది.